గీసినవాడు కోయకూడదు

తాతయ్య బండిని పొట్టి చేద్దామన్న ఆలోచన మొదట అమ్మకే వచ్చింది. తర్వాత జరిగినవాటి మధ్య ఆ సంగతి అందరూ మర్చిపోయారు. అందుకే ముందుగా అదే చెబుతున్నాను.

అది పాతకాలపు పికప్పు. గుండ్రటి ముక్కు, కప్ప కళ్లలాంటి రెండు దీపాలు, ముగ్గురు ఒద్దికగా కూర్చోగలిగే ఒకే సీటు, వెనక చాప పరిచినట్టు పొడుగాటి తొట్టి. అలాంటివి ఇప్పుడెవరూ తయారు చెయ్యడం లేదు. తాతయ్య దాన్ని నాన్నకీ బాబాయికీ ఉమ్మడిగా వదిలి వెళ్లాడు. మా వెల్డింగు షెడ్డు వెనక గోడ పక్కన టార్పాలిన్ కప్పుకుని ఉండేది. బాబాయి మాత్రం ఆదివారం వస్తే చాలు, దాని ఇంజను కాసేపు తిప్పేవాడు. "వారానికోసారి దీని దగ్గు వినకపోతే నాకు నిద్ర పట్టదు" అనేవాడు.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి నా ఆఖరి పరీక్షలు అయిపోయాయి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. తనే చదివి పాసైనట్టు బాబాయి కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. నన్ను పేరు పెట్టి పిలవడమే మానేశాడు. "ఏం డిగ్రీ, టీ చెప్పావా?" "డిగ్రీ, ఆ పెద్ద పానా ఇటివ్వు." షెడ్డుకి వచ్చేపోయేవాళ్లు అదే నా అసలు పేరనుకునేవారు. ఫలితాలు వచ్చేదాకా నాకు వేరే పని లేదు. పొద్దున్నే నాన్నతోపాటు షెడ్డుకి వెళ్లి, ఫోన్లు ఎత్తి, వచ్చినవాళ్లకి కుర్చీ వేసి, కావలసినప్పుడు దీపం పట్టుకునేదాన్ని.

నిజానికి ఆ షెడ్డు కూడా ఎన్నాళ్లో ఉండేది కాదు. స్థలం గలాయన అక్కడ దుకాణాలు కట్టుకుంటానని, వానలు పడేలోగా ఖాళీ చెయ్యమని చెప్పేశాడు. "మంచిదే, ఈ రేకుల కింద వేగలేక చస్తున్నాం" అని బాబాయి నవ్వాడు. నాన్న నవ్వలేదు. ఏళ్ల తరబడి వెల్డింగు మంట చూసి చూసి నాన్న కళ్లు మసకబారాయి. చేతికందే దూరంలో ఉన్నది అద్దాలు పెట్టుకుంటే బాగానే కనిపించేది. రోడ్డుకి అవతల నిలబడ్డ మనిషెవరో తెలిసేది కాదు. అందుకే ఆయనకి బండి లైసెన్సు మళ్లీ ఇవ్వలేదు. వేరేచోట షెడ్డు వెతుక్కుందామంటే, అద్దెలు మా మొహం చూసి నవ్వేలా ఉన్నాయి.

ఒక రోజు భోజనాల దగ్గర అమ్మ ఉన్నట్టుండి అంది.

"షెడ్డు పోతే పోనివ్వండి. పని షెడ్డులో ఉందా, మీ చేతుల్లో ఉందా?"

"చేతుల్లోనే. అయితే?"

"గేటు విరిగినవాడు గేటు మోసుకుని మన దగ్గరికొస్తున్నాడు. అదేదో మనమే వాడి గుమ్మం ముందుకెళ్తే?"

"ఏం, వెల్డింగు మిషను నెత్తిన పెట్టుకుని వెళ్లనా?"

"మావయ్యగారి బండి ఏం పాపం చేసింది?"

నాన్న ముద్ద కలుపుతూ నవ్వాడు. "దాన్ని నడిపేదెవరు? నా సంగతి తెలుసు కదా. తమ్ముడికి వాడి పనులే చెయ్యి నిండా ఉంటాయి."

"నేను నడుపుతాను" అంది అమ్మ, నీళ్ల గ్లాసు ఆయన వైపు జరుపుతూ.

అమ్మ అప్పటికి ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. పొద్దస్తమానం ఆవిరిలో నిలబడి దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టడం. సాయంత్రానికి కాళ్లు పొంగి చెప్పుల్లో పట్టేవి కావు. సైకిలు కూడా తొక్కడం రాని మనిషి. నాన్నా నేనూ దాన్ని ఆ పూటకి అన్న మాటే అనుకున్నాం. మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి అమ్మ బాబాయి ఇంటి ముందు ఉంది, నేర్పమని.

బాబాయి నేర్పాడు. మార్కెట్టు వెనక ఖాళీ మైదానంలో, లారీలు రాకముందే. నేను మధ్యలో కూర్చునేదాన్ని.

"క్లచ్చు గట్టిగా తొక్కు వదినా. మా అన్నయ్యని తొక్కిపెట్టినట్టు తొక్కు!"

"మీ అన్నయ్యని నేనెక్కడ తొక్కానయ్యా? ఆయనే నా బుర్ర తినేస్తుంటే."

"అదిగో, మాటల్లో పడి బ్రేకు మర్చిపోయావు. ఎదురుగా ఉన్నది గేదె కాదు వదినా, గోడ. హారను కొడితే తప్పుకోదు!"

అమ్మ పడీ పడీ నవ్వేది. అమ్మ అలా నవ్వగా నేను చూసిన రోజులు తక్కువ. చెమటకి చేతులు జారుతున్నాయని స్టీరింగుకి పాత గుడ్డ చుట్టుకుంది. గేరు మార్చేటప్పుడు పెదవి కొరికేది. చివరికి లైసెన్సు వచ్చింది. అందులో ఫొటో చూసి "నేరం ఒప్పుకున్న దానిలా ఉన్నావు వదినా" అన్నాడు బాబాయి. నిజానికి అందరికంటే ఆయనే ఎక్కువ సంతోషించాడు. ఆ సంతోషం అబద్ధం కాదని ఇప్పటికీ నమ్ముతాను. అదే నాకు అర్థం కాని సంగతి.

చిక్కు మా వీధి మలుపు దగ్గర వచ్చింది. మొదటిసారి అమ్మ బండిని ఇంటికి తెస్తే మలుపులో ఇరుక్కుంది. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి. ఇళ్లలోంచి జనం బయటికొచ్చి తలో సలహా ఇచ్చారు. "కుడికి కొట్టమ్మా." "కుడికి కాదు, ఎడమకి. కుడికి కొడితే మా అరుగు పోతుంది." ముక్కు ఒక గోడకీ తోక ఇంకో గోడకీ తగిలేలా ఉంది. అమ్మ ఇంజను ఆపి కిందికి దిగింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇది తిరగాలంటే ఇళ్లయినా జరగాలి, బండైనా తగ్గాలి" అంది. "ఇళ్లు జరగవు. బండినే తగ్గించండి."

నాన్నకి ఆ మాట పట్టుకుంది. మర్నాడు షెడ్డులో నేల ఊడ్పించి, సుద్దతో ఒక పెట్టె గీశాడు. అది తొట్టి అన్నమాట. దాన్లో ఒక పక్క జనరేటరు, దాన్ని ఆనుకుని వెల్డింగు మిషను, మూలన గ్యాసు సిలిండర్లు. సాయంత్రం అమ్మ లాండ్రీ నుంచి వచ్చాక అందరం కలిసి అవి జరిపి చూశాం. నాన్న వంగి వెనక గీతని చెరిపి లోపలికి గీశాడు. మళ్లీ చెరిపి ఇంకాస్త లోపలికి. చివరికి నడుము పట్టుకుని లేచాడు.

"మూరెడు తగ్గిద్దాం. మలుపు తిరుగుతుంది, సామానూ పడుతుంది. ఇంతకంటే బెత్తెడు తగ్గినా పట్టదు."

"మూరెడే?" అంది అమ్మ.

"మూరెడే."

"మాటేనా? రేపు వెళ్లి లాండ్రీలో మానేస్తున్నానని చెప్పేస్తాను మరి."

"మాటే. చెప్పెయ్."

అమ్మ చెప్పేసింది. ఆ నెలాఖరు దాకా వచ్చి, కొత్తమనిషికి పని నేర్పి వెళ్లమన్నారు వాళ్లు.

పాత బండిని పొట్టి చెయ్యడమంటే పైకి కనిపించినంత తేలిక కాదు. తొట్టిని కోసి అతకడం ఒక పని. దాన్ని కింద మోసే ఫ్రేము ఇంకో పని. రెండు పొడుగాటి ఇనప దూలాలు, మధ్యలో అడ్డ కమ్మీలు, ఇదీ ఫ్రేము. వెనక చక్రాలకి ముందు, ఆ దూలాల్లోంచి ముక్క తీసేసి, చక్రాలతో సహా వెనక భాగాన్ని ముందుకి జరిపి అతకాలి. నిట్టనిలువుగా ఒకే గీత మీద కోస్తే బరువంతా ఆ అతుకు మీదే పడి ఎప్పుడో ఒకప్పుడు ఫెళ్లుమంటుంది. అందుకని మెట్టులా కోసి, మెట్టు మీద మెట్టు కూర్చునేలా అతుకుతారు. ఒకసారి కోశాక వెనక్కి తీసుకునేది ఏమీ ఉండదు.

అందుకే మా షెడ్డులో తాతయ్య నాటి నుంచి ఒక నియమం ఉంది. గీసినవాడు కోయకూడదు. ఒకరు కొలిచి గీత గీస్తారు. రెండోవాళ్లు ఆ గీతని నమ్మకుండా మొదటినుంచి మళ్లీ కొలిచి, అప్పుడు కోస్తారు. "కాకిపిల్ల కాకికి ముద్దు, ఎవడి గీత వాడికి ముద్దు" అనేవాడట తాతయ్య. బాబాయి గీసిన గీతల్ని నాన్న తడిగుడ్డతో తుడిచెయ్యడం నేను ఎన్నోసార్లు చూశాను. "ఈ గీతకి జ్వరమొచ్చిందిరా, వణుకుతోంది" అనేవాడు. "నీ కళ్లకి వచ్చింది అన్నయ్యా" అనేవాడు బాబాయి. మళ్లీ గీసేవాడు. దాని గురించి ఎన్నడూ ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

అమ్మ లాండ్రీకి వెళ్లిన ఒక పొద్దున ఫ్రేము కోశారు.

తొట్టిని ముందురోజే గొలుసు కప్పీతో ఎత్తి పక్కన పెట్టాం. తుప్పు పట్టిన బోల్టులకి మంట పెడితే గానీ కదల్లేదు. అది లేకపోతే బండి నడుము కింద ఏమీ కట్టుకోనట్టు ఉంది. కోసే చోటికి అటూ ఇటూ స్టాండ్లు పెట్టి, దూలాలు మెలి తిరక్కుండా అడ్డంగా కమ్మీలు అతికి పట్టు పెట్టారు. బాబాయి వంగి రెండు దూలాల మీదా గీతలు గీశాడు. మామూలుగా అయితే ఆయన నోరు ఊరుకోదు. ఆ రోజు గీయడం అయ్యాక సుద్దముక్క జేబులో వేసుకుని, "నువ్వు చూసుకో అన్నయ్యా" అని గుమ్మం దగ్గరికి వెళ్లి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

నేను దీపం పట్టాను. నాన్న టేపు లాగి కొలిచాడు. టేపు వదిలేశాడు. మళ్లీ లాగి కొలిచాడు. అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని, వేలితో గీత మీద రాశాడు. తర్వాత తలెత్తి గుమ్మం వైపు చూశాడు. అంత దూరంలో ఆయనకి బాబాయి వీపు ఒక మరకలా కనిపించి ఉంటుంది.

"ఏంటి నాన్నా?" అన్నాను.

"ఏం లేదు. దీపం కాస్త కిందికి పట్టు."

తడిగుడ్డ పక్కనే బకెట్టు అంచు మీద ఉంది. నాన్న దాన్ని తీసుకోలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కటింగు మిషను చేతిలోకి తీసుకున్నాడు. నిప్పురవ్వలు నా చెప్పుల దాకా వచ్చాయి.

ఆ తర్వాత పని చకచకా సాగింది. వెనక భాగాన్ని ముందుకి తోసి, ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా కొలిచి వంకర లేదని చూసుకున్నారు. నాన్న అతుకులు వేశాడు. చక్రాలని తిప్పే పొడుగాటి షాఫ్టుని లేతు మిషను ఉన్నవాళ్ల దగ్గరికి పంపి తగ్గించారు. బ్రేకు గొట్టాలు కొత్తగా వంచారు. తొట్టి పని బాబాయిది. పక్కరేకులు కోసి, అతికి, సుత్తితో మెల్లగా తట్టి, ఎక్కడ అతికాడో వేలితో తడిమినా దొరకనంత నున్నగా చేశాడు. చెయ్యి మాత్రం బంగారం. ఆ రోజుల్లో నాన్న మాటలు బాగా తగ్గించాడు. షెడ్డు పోతుందన్న దిగులు కాబోలనుకున్నాను.

లాండ్రీలో ఆఖరి రోజున అక్కడి ఆడవాళ్లంతా కలిసి అమ్మకి నల్ల కళ్లద్దాలు కొనిచ్చారు. వాటిని నెత్తి మీదకి తోసుకుని సరాసరి షెడ్డుకి వచ్చింది. తొట్టి ఎక్కించిన బండి వెలుతురులో నిలబడి ఉంది. అమ్మ దాన్ని ముందు ముక్కు దగ్గర నిమిరింది.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! ఇంకా చూస్తారేం? సామాను ఎక్కించండి."

"రేపు ఎక్కిద్దాంలే" అన్నాడు నాన్న.

"రేపటికి నాకు వేరే పనేముంది? నేనిప్పుడు నిరుద్యోగిని. మీ డిగ్రీకి తోడు!"

గొలుసు కప్పీతో జనరేటరు ఎక్కించాం. తర్వాత వెల్డింగు మిషను. సిలిండర్లు బాబాయి ఎత్తి పెట్టాడు. అమ్మ వెనక తలుపు పైకి ఎత్తి వెయ్యబోయింది. పడలేదు. మిషను అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"కాస్త ముందుకి నెట్టండి."

నెట్టడానికి చోటు లేదు. మిషనుని నిలువుగా పెట్టి చూశాం. జనరేటరుని అటు తిప్పి చూశాం. సిలిండర్లు దింపి చూశాం. అమ్మ చెయ్యి చాపి, తలుపు ఉండాల్సిన చోటికీ మిషను అంచుకీ మధ్య బొటనవేలూ చిటికెనవేలూ బార్లా తెరిచి పెట్టింది. అచ్చంగా జానెడు.

"పోనీ తలుపు తీసే నడుపుతాను" అంది.

"అలా కుదరదు" అన్నాడు నాన్న. "బరువంతా చక్రాలకి వెనక వేలాడుతుంది. ముందు భాగం తేలిపోతుంది. నువ్వు స్టీరింగు తిప్పినా బండి వినదు."

"మూరెడు కదా అన్నారు?"

బాబాయి గొలుసు చుట్ట చుడుతున్నాడు.

"తమ్ముడు గీశాడు" అన్నాడు నాన్న. "వాడి గీతే కదా అని నేను కొలవకుండా కోసేశాను."

నేను నాన్న పక్కనే ఉన్నాను. తలెత్తి ఆయన మొహంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. నా చెయ్యి ఇంకా సిలిండరు మీదే ఉంది. దాన్ని అక్కణ్ణించి తియ్యాలని కూడా తోచలేదు.

మర్నాడే హోటలాయన వచ్చాడు. పెద్ద రోడ్డు మీద కొత్తగా హోటలు కట్టిస్తున్నాడాయన. నవ్వు మొహం, తెల్ల బట్టలు. షెడ్డులోకి వస్తూనే బండిని చూసి చేతులు జోడించినంత పని చేశాడు.

"భలే భలే! పొడుగున్నప్పుడు బల్లిలా ఉండేది. ఇప్పుడు చూడు, ఎత్తుకోవాలనిపిస్తోంది." తనతో తెచ్చుకున్న మనిషి చేత ఈ చివరి నుంచి ఆ చివరికి టేపు పట్టించి, బాబాయి భుజం తట్టాడు. "చిన్న మేస్త్రీ, మాటంటే నీది! చెప్పిన కొలత చెప్పినట్టు. మా స్తంభాల మధ్య గద్దె మీద కూర్చోబెట్టినట్టు కూర్చుంటుంది."

అమ్మ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ ఆ జానెడుకి ఏదో ఒక ఉపాయం దొరుకుతుందేమోనని బండినే చూస్తూ ఉంది.

"స్తంభాలేంటండీ?" అంది.

"అదేనమ్మా, మా హోటలు ముందు అరుగు. దాని మీద ఈ బండి పెడుతున్నాం. జనం ఫొటోలు దిగుతారు. అరుగు ఉన్న కొలతకి బండిని తగ్గిస్తానని, స్తంభాలు పొయ్యకముందే చిన్న మేస్త్రి మాట ఇచ్చేశాడు. లేకపోతే అంత కచ్చితంగా ఎలా వస్తుంది?"

ఆయన వెళ్లేదాకా అమ్మ స్టూలు మీదే కూర్చుంది. వెళ్లాక బాబాయి వైపు తిరిగింది.

"ఏమయ్యా, నాకు బండి నేర్పుతూనే దాన్ని అమ్మేశావా?"

"వదినా, నా మాట విను. షెడ్డు పోతే మీకు బండి ఉంది. నాకేముంది? ఆ హోటలు గేట్లు, మెట్లు, రెయిలింగులు, మొత్తం పని నాకే ఇస్తానన్నాడు. ఒకటే షరతు, ఈ బండి కావాలన్నాడు. నాకే ఏంటి, అన్నయ్యకి కూడా అందులో ఏడాదికి సరిపడా పని..."

"నన్నొక్క మాట అడగడానికి నీకు నోరు రాలేదా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు."

"అందుకని అడగవా?"

బాబాయి తల దించుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉండేది ఆ నోట్లో. ఆ రోజు లేదు.

ఆ వారమంతా ఇంట్లో బాబాయి పేరు ఎత్తిన పాపాన పోలేదు ఎవరూ. వీధిలోవాళ్లు మాత్రం ఆయన్ని దుమ్మెత్తి పోశారు. సొంత అన్న చెవిలో పువ్వు పెట్టాడన్నారు. వేలు పట్టి పెంచినందుకు మంచి పని చేశాడన్నారు. పాపం మేస్త్రి, తమ్ముణ్ణి నమ్మి మోసపోయాడు అని నాన్న మీద జాలిపడ్డారు. నాన్న ఆ జాలిని కాదనకుండా పుచ్చుకుంటూ తిరిగాడు. నాకు ఆయన ఎదురుగా కూర్చుని తినడం కష్టమైంది. ఆయన అబద్ధం ఆడగలడన్న సంగతి కంటే, అది నా కళ్ల ముందే, నేను దీపం పట్టానని తెలిసి కూడా ఆడాడన్నది నన్ను తినేసింది. నేను నోరు విప్పనని ఆయనకి అంత నమ్మకం. చెప్పిన మాట వినే పిల్లగా పెరిగినందుకు నాకు దక్కింది అదీ.

ఒక మధ్యాహ్నం అమ్మ వంటింట్లో గిన్నెలు తుడుస్తూ నన్ను పిలిచింది.

"ఆ కిటికీకి అద్దం వేసినప్పుడు గుర్తుందా? మీ నాన్న ఎన్నిసార్లు కొలిచాడు?"

"చాలాసార్లు."

"నీ పుస్తకాలకి చెక్క కొట్టినప్పుడు?"

అమ్మ ఎక్కడికి వస్తోందో తెలిసిపోయింది.

"మీ నాన్న నాకు చాలా చెప్పాడు. సినిమాకి తీసుకెళ్తానన్నాడు, వెళ్లలేదు. ఇల్లు కొందామన్నాడు, కొనలేదు. అవన్నీ నమ్ముతాను. కొలవకుండా కోశానన్నది మాత్రం నాకు మింగుడు పడటం లేదు." గిన్నె బోర్లించి నా వైపు తిరిగింది. "నువ్వు అక్కడే ఉన్నావు కదా. కొలిచాడా?"

నాకు నాన్న మొహం గుర్తొచ్చింది, అద్దాలు తుడుచుకుంటున్నప్పటి మొహం. అయినా ఎదురుగా ఉన్నది అమ్మ. అడిగింది అమ్మ.

"కొలిచాడమ్మా. రెండుసార్లు."

అమ్మ చేతిలోని గుడ్డని మడిచి, గట్టు మీద పెట్టింది. లాండ్రీలో మడిచినట్టే, అంచుకి అంచు కలిపి. పెరట్లో మెట్ల మీద నాన్న కూర్చుని ఉన్నాడు. అమ్మ వెళ్లి ఆయన వెనక గుమ్మంలో నిలబడింది. నేను లోపలే ఉండిపోయాను. వినకూడదనుకున్నాను గానీ మా ఇల్లు అంత పెద్దది కాదు.

"తెలిసే కోశారు" అంది అమ్మ.

నాన్న అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"గీత చూడగానే తెలిసింది" అన్నాడు. "వాడు నోరు తెరిచి అడగలేకపోయాడు. గీసి చూపించాడు. అక్కడ ఎవడికో మాట ఇచ్చేసి ఉంటాడని అర్థమైంది. నేను తుడిచేస్తే వాడు ఏమైపోతాడు?"

"సరే. వాడి మాట నిలబెట్టారు."

"ఊఁ."

"మరి నాకిచ్చింది?"

పెరట్లో పంపు కింద బకెట్టులోకి నీళ్లు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. నాన్న లేచి వెళ్లి పంపు కట్టేసి వచ్చాడు. మళ్లీ అదే మెట్టు మీద కూర్చున్నాడు.

"వాడు నా తమ్ముడు."

"నేనెవరో అడగడం లేదు లెండి. ఒక్కటి చెప్పండి. ఆ మిషను ఆపి, సాయంత్రం నేను వచ్చేదాకా ఆగి, సంగతి ఇదీ అని చెప్పి ఉంటే ఏమయ్యేది?"

"నువ్వు ఒప్పుకునేదానివి కాదు."

"మీ తమ్ముడూ అదే అన్నాడు. మీ ఇద్దరికీ అంత బాగా తెలుసా నేనేమంటానో? నాకైతే తెలీదు. ఒప్పుకునేదాన్నేమో. పోట్లాడేదాన్నేమో. ఇంక ఎప్పటికీ తెలీదు." ఆగి, మళ్లీ అంది. "పైగా కొలవలేదన్నారు. నా ముందు పని చేతకానివాడిగా కనబడటానికైనా సిద్ధపడ్డారు గానీ, నిజం చెప్పడానికి మాత్రం కాదు."

నాన్న వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ అప్పటికే లోపలికి వచ్చేసింది. నన్ను దాటి వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి తీసింది. ఆ రాత్రి నాన్న ఎవరు చెప్పారని కూడా అడగలేదు.

బండిని తీసుకెళ్లిన రోజున బాబాయి దాన్ని మా ఇంటి ముందుకి తెచ్చి ఆపాడు. మలుపులో అది ఒక్క తిప్పుకి తిరిగింది. ఎర్రరంగు కొత్తగా వేసి ఉంది. హారను కొట్టి, అద్దం దించి, లోపలికి వినబడేలా పిలిచాడు.

"వదినా, ఒక్కసారి రా. అక్కడిదాకా నువ్వే తోలుదువుగాని."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. బండిని ముందు నుంచి వెనకదాకా చూసింది.

"అరుగు మీద పెట్టే బొమ్మకి డ్రైవరెందుకయ్యా?" అని తలుపు వేసింది.

వానలు మొదలయ్యేసరికి షెడ్డు పడగొట్టేశారు. నాన్న బాబాయి దగ్గరే, హోటలు రెయిలింగుల పనికి వెళ్లసాగాడు. లాండ్రీలో అమ్మ నేర్పిన మనిషే అమ్మ చోటులో కుదురుకుంది. అమ్మ నాలుగు చోట్లకి తిరిగి, రొట్టెల కంపెనీలో వ్యాను నడిపే పని సంపాదించుకుంది. తెల్లవారకముందే వెళ్లి, దుకాణాలకి రొట్టెలు దించి, పొద్దెక్కేసరికి వ్యానుతో ఇంటికి వచ్చి ఒక గంట నడుము వాల్చేది. నా ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. బాబాయి స్వీటు పెట్టె పంపించాడు గానీ తను రాలేదు. నాకు నీళ్ల సరఫరా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి పిలుపు వచ్చింది. అందరం పనుల్లో పడ్డాం. ఇంట్లో గొడవలేమీ లేవు. అమ్మ నాన్నకి వేళకి వడ్డించేది, మందు చుక్కలు కళ్లలో వేసేది, అడిగినదానికి జవాబు చెప్పేది. తను మాత్రం ఆయన్ని ఏదీ అడిగేది కాదు.

ఒక ఉదయం వాన వెలిశాక నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే అమ్మ వ్యాను ఇంటి ముందు ఉంది. నాన్న కూడా పనికి బయల్దేరాడు. వ్యాను పక్కనుంచి నడుస్తూ ఆగిపోయాడు. డ్రైవరు తలుపు కింద కాలు పెట్టి ఎక్కే ఇనప మెట్టు ఉంటుంది. అది విరిగి, అతికించినట్టుంది. నాన్న వంగాడు. అద్దాలు సరిచేసుకుని, బొటనవేలితో ఆ అతుకు మీద మెల్లగా రాశాడు. అతుకు ఎవరి చేతిదో చూసి చెప్పగలడు నాన్న. ఇది తెలిసిన చెయ్యి కాదు.

అమ్మ తాళంచెవి పట్టుకుని బయటికి వచ్చింది.

"మెట్టు విరిగిందా?" అన్నాడు నాన్న.

"మొన్న విరిగింది."

"ఎక్కడ వేయించావు?"

"మార్కెట్టు దగ్గర ఎవరో ఉన్నారు."

నాన్న ఇంకా వంగే ఉన్నాడు. "నాతో చెబితే ఇంటి దగ్గరే వేసేవాణ్ణిగా. ఇది మరీ ఎత్తులో పెట్టాడు, ఇంకాస్త కిందికుండాలి."

అమ్మ ఆ మెట్టు మీద కాలు పెట్టి, పైకెక్కి, సీట్లో కూర్చుని తలుపు లాక్కుంది.

"నేను చూపించిన చోటే పెట్టాడు" అంది.